రెండు వేల డాలర్ల లిబర్టీ ఫోన్: స్వదేశీ తయారీకి అసలు ఖర్చెంత?

ప్యూరిజం అనే అమెరికన్ సంస్థ దగ్గర చూడటానికి ఒకేలా ఉండే రెండు ఫోన్లు దొరుకుతాయి. లిబ్రెమ్ 5 అనే మొదటిది చైనాలో తయారవుతుంది, ధర 799 డాలర్లు. లిబర్టీ ఫోన్ అనే రెండోదాని సర్క్యూట్ బోర్డు కాలిఫోర్నియాలో, శాన్ డియేగోకు ఎగువన ఉన్న కార్ల్స్‌బాడ్‌లో తయారై, అక్కడే ఫోన్‌గా రూపుదిద్దుకుంటుంది, ధర 1,999 డాలర్లు. నమూనా ఒకటే, ప్రాసెసర్ ఒకటే, సాఫ్ట్‌వేరూ ఒకటే. లిబర్టీ ఫోన్‌లో ర్యామ్ 3 జీబీకి బదులు 4 జీబీ, స్టోరేజీ 32 జీబీకి బదులు 128 జీబీ ఉంటాయి. ఈ చిన్న తేడాను పక్కన పెడితే మిగిలిన వ్యత్యాసమంతా తయారైన చోటుదే. ఫోన్ల తయారీని సొంతగడ్డకు తెచ్చుకుంటే ఎంతవుతుందన్న ప్రశ్నకు ఊహల మీద కాక, అంగడిలో ఉన్న వస్తువు మీద లెక్క చూసుకునే అవకాశం ఇంత సూటిగా మరో ఫోన్ ఇవ్వదు. ఈ సమీక్షకు ఆధారంగా తీసుకున్న ధరలు 2025 నాటివి.

ఆ ఏడాదిని ఎంచుకోవడానికి కారణం ఉంది. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం దిగుమతుల మీద భారీ సుంకాలు ప్రకటించినప్పుడు, ఐఫోన్‌ను అమెరికాలోనే తయారు చేస్తే 3,500 డాలర్లవుతుందని వెడ్‌బుష్ అనే ఆర్థిక సేవల సంస్థ విశ్లేషకుడు డాన్ ఐవ్స్ అంచనా వేశారు. జూన్‌లో ట్రంప్ కుటుంబ సంస్థ పేరు మీద టీ1 అనే ఫోన్‌ను, అమెరికాలోనే తయారవుతుందంటూ, 499 డాలర్లకు ప్రకటించారు. కొద్ది రోజులకే ఆ తయారీ మాట వారి ప్రకటనలోంచి తొలగిపోయి, అమెరికన్ విలువలకు తగిన రూపకల్పన అనే తరహా మాటలు వచ్చి చేరాయి. ఒక చివర 3,500, ఇంకో చివర 499. 2025లో ఈ రెండింటి నడుమ అమెరికాలో నిజంగా తయారై, నిజంగా చేతికి వచ్చిన ఫోన్ లిబర్టీ ఒక్కటే.

డల్లాస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉండే ఒక తెలుగు మిత్రుడు దీన్ని కొన్నారు. వారి దగ్గర తీసుకొని కొన్నాళ్లు వాడి చూశాను. చేతిలోకి తీసుకోగానే తెలిసేది మందం. పదిహేను మిల్లీమీటర్లు దాటిన ఈ మందం ఈనాటి మామూలు ఫోన్లకు దాదాపు రెట్టింపు, బరువు పావు కిలో పైమాటే. ఎడమ అంచున మూడు చిన్న మీటలు వరసగా ఉంటాయి. ఒకటి కెమెరా, మైకులకు, ఒకటి వైఫై, బ్లూటూత్‌లకు, ఒకటి మొబైల్ నెట్‌వర్కుకు. మీటను గోటితో పక్కకు జరిపితే ఆ భాగానికి కరెంటు సరఫరానే ఆగిపోతుంది, సాఫ్ట్‌వేరు ఎంత మొత్తుకున్నా అది పనిచేయదు. మూడింటినీ ఆపేస్తే జీపీఎస్, కదలికలను పసిగట్టే సెన్సర్లు కూడా ఆగిపోతాయి. వెనుక మూతను గోటితోనే ఊడదీయవచ్చు. లోపల 4,500 ఎంఏహెచ్ బ్యాటరీ, దాన్ని తీసి కొత్తది వేసుకోవచ్చు. నెట్‌వర్కుకు సంబంధించిన మోడెమ్ బోర్డులో అతికించి లేదు, కంప్యూటర్లలో వాడే తరహా విడి కార్డుగా స్క్రూతో బిగించి ఉంది. నిండా జిగురుతో మూసేసి, తెరవాలంటే వేడిగాలి యంత్రం కావాల్సిన ఫోన్లకు అలవాటుపడిన నాకు ఈ అమరిక మనసుకు నచ్చింది. ఇయర్‌ఫోన్ పిన్ను రంధ్రం కూడా ఉంది, ఇది కోరుకునేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

ఫోన్‌గా దీని సామర్థ్యం మాత్రం ధరకు తగ్గట్టు లేదు. 5.7 అంగుళాల తెరకు 720 పిక్సెళ్ల వెడల్పే ఉంది, వెనుక కెమెరా 13 మెగాపిక్సెళ్లది, నెట్‌వర్కు 4జీ వరకే. ప్రాసెసర్ ఎన్ఎక్స్‌పీ సంస్థ చేసిన ఐ.ఎంఎక్స్ 8ఎం క్వాడ్. అందులోని నాలుగు కార్టెక్స్ ఏ53 కోర్లు 2012లో ప్రకటించిన నమూనాకు చెందినవి. ఆండ్రాయిడ్ కాదు, ప్యూర్ ఓఎస్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. అంటే ప్లే స్టోర్ లేదు, వాట్సాప్ అధికారిక యాప్ లేదు, బ్యాంకు యాప్‌లు లేవు. అమెరికాలో ఉంటూ రాత్రిపూట ఊళ్లో ఉన్న అమ్మానాన్నలతో వాట్సాప్‌లో వీడియో కాల్ మాట్లాడే మనలాంటి కుటుంబాలకు ఇది ఒక్కటే ఫోన్‌గా సరిపోదు. దాన్ని సంస్థ తప్పుగా ఎంచలేం. గూగుల్, యాపిల్ నీడ పడకుండా బతకాలనుకునేవాళ్ల కోసమే దీన్ని తయారు చేశామని వారు మొదటినుంచీ చెబుతున్నారు. అయితే కొనేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ ఫోన్‌లో అమెరికాలో తయారైనది ఎంత? ప్యూరిజం తన ప్రకటనల్లో మేడ్ ఇన్ యూఎస్ఏ ఎలక్ట్రానిక్స్ అని రాసుకుంటుంది, ఫోన్ మొత్తం అమెరికాదేనని అనదు. ఈ జాగ్రత్త వెనుక చట్టం ఉంది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ప్రకారం ఏ షరతూ లేకుండా మేడ్ ఇన్ యూఎస్ఏ అని వేసుకోవాలంటే వస్తువు పూర్తిగానో, దాదాపు పూర్తిగానో అక్కడే తయారై ఉండాలి. తెరకూ బ్యాటరీకీ ఆసియా వైపు చూడక తప్పని ఏ ఫోనూ ఆ గీత దాటలేదు. ప్యూరిజం అమెరికాలో చేస్తున్నది ఫోన్‌కు గుండెకాయ లాంటి సర్క్యూట్ బోర్డునూ, దాని తర్వాత జరిగే బిగింపునూ, పరీక్షలనూ. ఎంత చేస్తున్నారో అంతే చెప్పుకొనే ఈ పద్ధతిని గౌరవించాలి. టీ1 వ్యవహారం చూశాక ఆ గౌరవం మరింత పెరిగింది.

సర్క్యూట్ బోర్డు తయారీ ఎలా సాగుతుందో తెలిస్తే ఖర్చు ఎక్కడ పెరుగుతుందో అర్థమవుతుంది. ఖాళీ బోర్డు మీద సన్నని స్టెన్సిల్ రేకు పెట్టి సోల్డర్ పేస్టు పూస్తారు. రీళ్లలో చుట్టి వచ్చిన చిప్పులనూ, ఆవగింజకన్నా చిన్న రెసిస్టర్లనూ కెపాసిటర్లనూ పిక్ అండ్ ప్లేస్ యంత్రం తీసి వాటి వాటి చోట్ల పెడుతుంది. బోర్డు ఓవెన్ గుండా వెళ్లినప్పుడు పేస్టు కరిగి అన్నీ అతుక్కుంటాయి. తర్వాత కెమెరాతో, అవసరమైన చోట ఎక్స్‌రేతో తనిఖీ చేస్తారు. ఇందులో మనిషి చేయి పడేది తక్కువ. చైనాలోని షెన్‌జెన్‌లోనైనా కార్ల్స్‌బాడ్‌లోనైనా యంత్రం వేగం ఒకటే, దాని వెలా ఇంచుమించు ఒకటే. కాబట్టి అమెరికా కూలీ ఎక్కువ గనుక ఫోన్ ధర మూడు రెట్లవుతుందన్న మాట ఈ దశకు వర్తించదు. కూలీ ప్రధానంగా పడేది చివరి బిగింపులో. తెర, కెమెరా, బ్యాటరీ, స్పీకరు, సన్నని రిబ్బన్ తీగలు, స్క్రూలు ఒక్కొక్కటీ మనిషి చేత్తో అమర్చే పని అది.

ప్యూరిజం అధిపతి టాడ్ వీవర్ 2025లో విలేకరులకు చెప్పిన లెక్క కూడా ఇదే చూపిస్తుంది. చైనాలో తయారయ్యే ఫోన్‌కు వారికయ్యే తయారీ ఖర్చు సుమారు 550 డాలర్లు, అమెరికాలో తయారయ్యేదానికి సుమారు 650. తేడా వంద డాలర్లు, అందులోనూ ఎక్కువ ర్యామ్, స్టోరేజీల ఖర్చు కొంత కలిసే ఉండాలి. అంటే సొంతగడ్డ మీద తయారీకి అదనంగా పడేది అయిదో వంతు కన్నా తక్కువ. కానీ కొనేవాడు అదనంగా కట్టేది 1,200 డాలర్లు. వంద ఎక్కడ, పన్నెండు వందలు ఎక్కడ! మిగిలిన 1,100 డాలర్లు ఎటు పోతున్నాయన్నదే ఈ ఫోన్ విషయంలో అడగాల్సిన ప్రశ్న.

సంస్థ ఇచ్చే సమాధానం స్థూలంగా ఇది: ఈ ఫోన్‌ను కొనేవాళ్లలో భద్రత ప్రాణప్రదమైన ప్రభుత్వ విభాగాలు, సంస్థలు ఎక్కువ; వాళ్లకు కావాల్సింది ప్రతి భాగం ఎక్కణ్నుంచి వచ్చిందో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చూపగలిగే సరఫరా గొలుసు; దాన్ని నిలబెట్టే ఖర్చు, ఏళ్ల తరబడి సాగిన పరిశోధన ఖర్చు, సాఫ్ట్‌వేరు మీద పనిచేసే ఇంజనీర్ల జీతాలు ఈ ధరలోంచే రావాలి. ఇందులో నిజముంది. 2017లో ప్రజల నుంచి ముందస్తు డబ్బు సేకరించి మొదలుపెట్టిన ఫోన్ ఇది. 2019 సెప్టెంబరులో తొలి ఫోన్లు బయటికొచ్చాయి. ఆ డిసెంబరులో అమెరికా తయారీ నమూనాను లిబ్రెమ్ 5 యూఎస్ఏ పేరుతో ప్రకటించారు, అప్పుడు కూడా దాని ధర 1,999 డాలర్లే. తక్కువ సంఖ్యలో అమ్మే సంస్థకు స్థిరమైన ఖర్చులు తక్కువ ఫోన్ల మీదే పడతాయి గనుక ఒక్కో ఫోన్‌కు తడిసి మోపెడవుతుంది. ఏటా 20 కోట్లకు పైగా ఐఫోన్లు అమ్మే యాపిల్‌కు స్టెన్సిల్ ఖర్చు, యంత్రాన్ని ఒక నమూనా నుంచి ఇంకో నమూనాకు మార్చే సమయం, పరీక్ష పరికరాల ఖర్చు ఒక్కో ఫోన్ మీద పైసల్లో తేలుతాయి. చిన్న సంస్థకు అవే పదుల డాలర్లవుతాయి. కానీ ఈ కారణాల్లో చాలావరకు చైనాలో తయారయ్యే 799 డాలర్ల ఫోన్‌కూ వర్తిస్తాయి కదా! అదే సాఫ్ట్‌వేరు, అవే పరిశోధనలు. సంస్థ చెప్పిన అంకెల ప్రకారం 799 డాలర్ల ఫోన్ మీద తయారీ ఖర్చు పోగా మిగిలేది 249 డాలర్లు, 1,999 డాలర్ల ఫోన్ మీద మిగిలేది 1,349. కాబట్టి అమెరికాలో తయారు చేస్తే ఫోన్ ధర రెండు వేలవుతుందని ఈ ఫోన్‌ను చూపించి ఎవరైనా వాదిస్తే ఒప్పుకోకూడదు. ఈ ధరలో పెద్ద భాగం తయారీది కాదు, నమ్మకానిది. ఆ నమ్మకం ఎవరికి అవసరమో వాళ్లకు అది సమంజసమైన ధరే కావచ్చు, మామూలు కొనుగోలుదారుకు మాత్రం కాదు.

మిత్రుడి ఇంటినుంచి కారులో వెళ్లగలిగినంత దూరంలోనే, ఫోర్ట్ వర్త్‌లో, ఇదే ప్రయోగం ఇంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద ఎత్తున జరిగింది. 2013లో మోటరోలా అప్పటి యజమాని గూగుల్ అండతో మోటో ఎక్స్ ఫోన్లను అక్కడ తయారు చేయించింది. ఒకప్పుడు నోకియా వాడిన కర్మాగారం అది, నడిపింది ఇతర కంపెనీల కోసం ఎలక్ట్రానిక్ వస్తువులు తయారు చేసిపెట్టే ఫ్లెక్స్‌ట్రానిక్స్. కొనేవాడు వెనుక రంగు, అంచుల రంగు తానే ఎంచుకొని ఆర్డరు పెడితే నాలుగు రోజుల్లో అమెరికాలో ఎక్కడికైనా పంపేవారు. సముద్రం అవతల తయారు చేస్తే సాధ్యపడని సౌకర్యం ఇది. సొంతగడ్డ మీద తయారీ వల్ల కొనేవాడికి ప్రత్యక్షంగా కలిగిన లాభానికి దీనికంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. ఐహెచ్ఎస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ ఆ ఫోన్‌ను విప్పి లెక్కగడితే బిగింపు ఖర్చు 12 డాలర్ల దాకా తేలింది, ఆసియాలో బిగించిన పోటీ ఫోన్ల కన్నా సుమారు నాలుగు డాలర్లు ఎక్కువ. నాలుగే డాలర్లు! అయినా ఆ కర్మాగారం నిలవలేదు. ఒక దశలో 3,800 మంది పనిచేసిన చోట 2014 మేలో మిగిలింది 700 మంది. ఆ ఏడాదే దాన్ని మూసేశారు. కూలీ, రవాణా ఖర్చులను సంస్థ కారణాలుగా చెప్పింది, అమ్మకాలు ఆశించినంత లేవన్నదీ బహిరంగమే. అప్పటికే గూగుల్ మోటరోలాను 291 కోట్ల డాలర్లకు లెనోవోకు అమ్మడానికి ఒప్పుకుంది. భాగాలన్నీ ఆసియా నుంచి విమానాల్లో వచ్చి టెక్సాస్‌లో బిగింపు అయ్యే ఏర్పాటులో, అమ్మకాలు పడిపోయినప్పుడు కర్మాగారాన్ని కాపాడే మరో ఆధారం ఉండదు. చుట్టుపక్కల భాగాలు తయారు చేసే చిన్న కర్మాగారాలు లేవు, మరో ఫోన్ కంపెనీ ఆ లైన్లను అద్దెకు తీసుకునే పరిస్థితీ లేదు.

చుట్టుపక్కల అలాంటి చిన్న కర్మాగారాలు లేకపోవడం ఎంత ఖరీదైనదో యాపిల్ కూడా టెక్సాస్‌లోనే చవిచూసింది. ఆస్టిన్‌లో మ్యాక్ ప్రో కంప్యూటర్లను బిగించేటప్పుడు ఒక ప్రత్యేకమైన చిన్న స్క్రూ కావాల్సినన్ని దొరకక అమ్మకాలు నెలల తరబడి ఆలస్యమయ్యాయని 2019లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. స్థానికంగా దొరికిన ఇరవై మంది పనివాళ్ల వర్క్‌షాపు రోజుకు వెయ్యికి మించి చేయలేకపోయిందట. స్క్రూ ఖరీదు ఎంతని కాదు, రేపటికల్లా లక్ష కావాలంటే ఇవ్వగలిగినవాడు పక్క వీధిలో ఉన్నాడా లేడా అన్నది లెక్క. అచ్చులు పోసే, పనిముట్లు తయారు చేసే టూలింగ్ ఇంజనీర్లను అమెరికాలో సమావేశపరిస్తే ఒక గది నిండుతుందో లేదో, చైనాలోనైతే ఫుట్‌బాల్ మైదానాలు నిండుతాయని యాపిల్ సీఈఓగా టిమ్ కుక్ 2017లో అన్న మాట కూడా దీని గురించే. లిబర్టీ ఫోన్ ఇలాంటి ఇబ్బందిని చిన్న సంఖ్యతో దాటింది. వేలల్లో చేసేటప్పుడు స్క్రూల కరవు రాదు. అందుకే ఈ ఫోన్ విజయాన్ని చూసి ఐఫోన్‌కు కూడా ఇంతే సులువని అనుకోవడం పొరపాటు. ఐవ్స్ అంచనాలో 3,500 అనే అంకె కన్నా, సరఫరా గొలుసులో పదో వంతును తరలించడానికే మూడేళ్లు, 3,000 కోట్ల డాలర్లు పడుతుందన్న రెండో భాగం నాకు ఎక్కువ సబబుగా కనబడుతుంది.

ఇదే పనిని మరో దారిలో చేసిన అనుభవం తెలుగు నేల మీదే ఉంది. 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో షావోమీ సంస్థ రెడ్‌మీ 2 ప్రైమ్ ఫోన్‌ను విడుదల చేసింది. ప్రస్తుత తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ బిగించిన ఆ ఫోన్ ధర 6,999 రూపాయలు, అప్పటి మారకంలో 110 డాలర్ల లోపే. అందులోని స్నాప్‌డ్రాగన్ 410లో కూడా ఉన్నవి నాలుగు ఏ53 కోర్లే, లిబర్టీ ఫోన్‌లో ఉన్న రకమే, వేగంలో కొంచెం తక్కువ. అంతకుముందు మార్చిలో దిగుమతై వచ్చిన రెడ్‌మీ 2 కూడా 6,999కే మొదలైంది, కానీ దానిలో ర్యామ్, స్టోరేజీ సగమే. అంటే సొంతగడ్డ మీదకు వచ్చాక అదే ధరకు రెట్టింపు మెమరీ వచ్చింది. దీనికి కారణం తక్కువ కూలీ ఒక్కటే కాదు. ఆ ఏడాది కేంద్ర బడ్జెట్ దిగుమతైన ఫోన్ల మీద 12.5 శాతం పన్ను వేసి, దేశంలో తయారైన వాటి మీద, విడి భాగాల మీద కట్టిన పన్నును తిరిగి రాబట్టుకునే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకపోతే, 1 శాతమే ఉంచింది. తర్వాత దిగుమతి సుంకాన్ని 2018 నాటికి 20 శాతానికి పెంచారు, 2020లో ఉత్పత్తితో ముడిపడిన ప్రోత్సాహకాలు వచ్చాయి. మన దగ్గర తేడాను భరించింది కొంత పన్ను చెల్లించేవాళ్లు, కొంత దిగుమతి ఫోన్లు కొన్నవాళ్లు. లిబర్టీ ఫోన్‌లో ఆ తేడా మొత్తం కొనేవాడి జేబులోంచే వెళుతోంది. స్వదేశీ తయారీకి అయ్యే ఖర్చు ఎవరో ఒకరు కట్టక తప్పదు, ఎవరు కడుతున్నారన్నది బిల్లులో కనబడుతుందా లేదా అన్నదే తేడా.

కొనవచ్చా అని అడిగేవాళ్లకు నా అభిప్రాయం ఇది. పరిశోధన చేసే పాత్రికేయులు, సున్నితమైన కేసులు చూసే న్యాయవాదులు, రక్షణ రంగానికి పనిచేసే సంస్థలవాళ్లు, అంటే బోర్డు మీద ఎక్కడో ఎవరో రహస్యంగా పెట్టిన ఒక అదనపు చిప్పు ఉందేమోనన్న అనుమానం ఉద్యోగంలో భాగమైనవాళ్లు, ఈ ఫోన్‌ను కొనవచ్చు. వాళ్లకు ఇంకో ప్రత్యామ్నాయం లేదు. మీటలు, విప్పుకోగలిగిన అమరిక, లినక్స్ నచ్చి కొనాలనుకునేవాళ్లకు 799 డాలర్ల లిబ్రెమ్ 5 చాలు. వాళ్లకు దక్కే సౌకర్యాలు ఇంచుమించు అవే. అమెరికాలో పని కల్పించాలన్న సదుద్దేశంతో 1,200 డాలర్లు ఎక్కువ పెట్టదలచుకున్నవాళ్లు మాత్రం ఆలోచించాలి. సంస్థ లెక్క ప్రకారమే అందులో తయారీ మీదకు చేరేది వంద దాకా.

ప్యూరిజం ఇప్పటికే తన ఖర్చును బయటపెట్టింది, పెద్ద సంస్థలేవీ చేయని పని అది. దానికి ఇంకొక్క అడుగు జోడించి, 799 డాలర్ల ఫోన్ మీద తీసుకుంటున్న 249 డాలర్లనే అమెరికా ఫోన్ మీద కూడా తీసుకుంటే ధర 899 డాలర్ల దగ్గర ఆగుతుంది. ధ్రువపత్రాలూ, భాగాల చరిత్రా కావాల్సిన ప్రభుత్వ కొనుగోలుదారులకు 1,999 డాలర్ల రకాన్ని అలాగే ఉంచి, అదే కార్ల్స్‌బాడ్ లైను మీద తయారైన ఫోన్‌ను ఆ పత్రాలేవీ లేకుండా వెయ్యి డాలర్ల లోపు మామూలు జనానికి అమ్మితే, వాట్సాప్ కోసం రెండో ఫోన్ దగ్గర ఉంచుకోవాల్సి వచ్చినా సరే, నేను కొంటాను.